సంతలో తెగిపోయే ఆకులు: ఏది వండాలి, ఏది వదలాలి

చలికాలంలో ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ సంతలకు ముల్లంగి కట్టలు ఆకులతోనే వస్తాయి. కొనేవారు దుంపలు ఏరుకున్నాక అమ్మే మనిషి ఆకులను ఒక్క మెలిపెట్టి తుంచి పక్కన పడేస్తుంది. సంచి బరువు తగ్గుతుందని చాలామంది ఆ పని తామే అడిగి చేయించుకుంటారు. అదే వరుసలో రెండు గోనెల అవతల గుమ్మడి తీగ కొనలను, లేత ఆకులను కట్టలు కట్టి డబ్బుకు అమ్ముతుంటారు. ఒడియా ఇళ్లవారు కఖారు శాగ అని అడిగి కొంటారు. వారిని చూసి అలవాటైన తెలుగు ఇళ్లవారూ కొంటారు. ఒకే సంతలో, ఒకే పూట, ఒక మొక్క ఆకు సరుకుగానూ మరొక మొక్క ఆకు చెత్తగానూ ఎందుకు మారుతున్నాయన్నది తేలితే తప్ప, పారేసే ఆకులను ఎలా వాడుకోవాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకదు.

పోషకాలు దీనికి కారణం కావు. ముల్లంగి ఆకు ఆ విషయంలో గుమ్మడి ఆకుకు తీసిపోదు. రుచి కూడా పూర్తి కారణం కాదు, ఎందుకంటే మెంతికూరలోని చేదును, గోంగూరలోని పులుపును ఇష్టంగా తినే నాలుకకు ముల్లంగి ఆకు ఘాటు పెద్ద అడ్డంకి కానవసరం లేదు. పాత కూరగాయల ఆకులు తింటాము, కొత్తవాటివి తినము అనే వివరణ కొంత సరిపోతుంది: కాలీఫ్లవర్ మన దేశానికి 1822లో వచ్చిందని చెబుతారు, దాని ఆకును వండే ఆనవాయితీ ఇక్కడ ఏర్పడలేదు. కానీ గుమ్మడి, చిలగడదుంప కూడా అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దం మొదలుకొని వచ్చినవే. వాటి ఆకులు మాత్రం ఒడిశా వంటిళ్లలో స్థిరపడ్డాయి. ముల్లంగి వేల ఏళ్లుగా ఇక్కడ ఉన్నదే, అయినా పట్టణంలో దాని ఆకు రాలిపోతోంది. కనుక వయసు లెక్క కుదరదు.

కుదిరే లెక్క పెరటిది. గుమ్మడి పాదు ఇంటి కప్పు మీదికి పాకుతుంది, చేమ నూతి గట్టు పక్కన పెరుగుతుంది, మునగ ప్రహరీ దగ్గర ఉంటుంది, బచ్చలి పందిరి వంటింటి కిటికీకి అందుతుంది. కాయ కాయడానికి నెలలు పట్టే చోట ఆకు రోజూ చేతికి తగులుతుంది కాబట్టి దాన్ని వండే పద్ధతి ఆ ఇంట్లోనే పుడుతుంది. క్యారెట్, బీట్‌రూట్, కాలీఫ్లవర్, నూల్‌కోల్ సంతలో కొన్న సరుకుగా మొదటిసారి మన ఇళ్లలోకి వచ్చాయి. వాటి ఆకు అప్పటికే తెగిపోయో వాడిపోయో ఉండేది. ముల్లంగి పండించే ఊళ్లలో మూళా శాగ (ముల్లంగి ఆకుకూర) ఇప్పటికీ పఖాళ, అంటే నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, పక్కన వడ్డించే మామూలు వంటకమే, బరంపురంలో అపార్టుమెంటుకు చేరేసరికి అదే ఆకు చెత్తబుట్టలో ఉంటుంది. కూరగాయ ఎంత దూరం ప్రయాణిస్తే దాని ఆకు అంతగా విలువ పోగొట్టుకుంటుంది. దీనికి తోడు, తొక్కలూ కాడలూ వండుకోవడం లేమికి గుర్తన్న భావన కొన్ని ఇళ్లలో ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు గానీ ఆకు తుంచేయమని చెప్పడంలో అది కూడా కొంత ఉందని నా అనుమానం.

ఏది వృథా అనే విషయంలోనూ కొంత గందరగోళం ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం ఇళ్ల నుంచే వచ్చింది. అయితే ఆ లెక్కలో ఎముకలు, తొక్కలు, టెంకలు వంటి తినని భాగాలు కూడా కలిసే ఉన్నాయి. ఏది తినదగిన భాగం అన్నది ఇంటికీ ఊరికీ మారుతుంది కాబట్టి వాటిని విడదీయడం కష్టం. గుణుపురం శివార్లలో కాలీఫ్లవర్ ఆకులు ఆవు ముందు పడితే అవి పాలుగా, పేడగా తిరిగి వస్తాయి. దాన్ని వృథా అనడం నాకు సమ్మతం కాదు. అదే ఆకు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మున్సిపాలిటీ బండికెక్కితే, గాలి ఆడని చెత్తదిబ్బలో కుళ్లి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుంది. ఆవూ పెరడూ లేని ఇళ్లకే ఈ ప్రశ్న నిజంగా వర్తిస్తుంది.

ఆ ఇళ్లలో ముల్లంగి ఆకు చేతిలో ఉన్నప్పుడు మొదట చూడవలసింది ఆ మొక్క ఏ కుటుంబానికి చెందినదనే. వంట పద్ధతి చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

ముల్లంగి, ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, టర్నిప్ అన్నీ ఆవ కుటుంబంలోనివి. వీటిలో గంధకంతో కూడిన పదార్థాలు ఉంటాయి. ఆకును కోసినప్పుడు కణాలు పగిలి ఒక ఎంజైము వాటి మీద పనిచేయడం వల్ల ఆవపిండి నూరినప్పుడు వచ్చే ఘాటు లాంటిదే పుడుతుంది. ఎక్కువసేపు మూతపెట్టి ఉడికిస్తే ఈ గంధక పదార్థాలే దుర్వాసనగా మారుతాయి కాబట్టి ఈ ఆకులను మూత లేకుండా, తక్కువ సేపు వండడం మేలు. ఇంకో విశేషమేమిటంటే క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, పెద్ద నగరాల సూపర్‌మార్కెట్లలో ఖరీదుగా అమ్మే కేల్ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి మొక్కకు వేర్వేరు రూపాలు. కాలీఫ్లవర్ పువ్వు చుట్టూ ఉన్న ఆకును పారేసి కేల్ కోసం ఎదురుచూడడంలో అర్థం లేదు.

ఈ కుటుంబానికి ఉన్న అసలు బలం సున్నంలో, అంటే కాల్షియంలో ఉంది. ఆకులో కాల్షియం ఎంత ఉందన్నది ఒక విషయం, అందులో ఒంటికి ఎంత పడుతుందన్నది వేరే విషయం. ఆక్సలేట్ అనే సహజ పదార్థం ఎక్కువగా ఉన్న ఆకుల్లో కాల్షియం దానితో జతకట్టి కరగని పదార్థంగా మారి బయటికి పోతుంది. పాలకూరలోని కాల్షియంలో సుమారు 5 శాతమే మనకు పడుతుందని, కేల్‌లోని కాల్షియంలో సుమారు 40 శాతం పడుతుందని మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ఆవ కుటుంబపు ఆకుల్లో ఆక్సలేట్ సాధారణంగా తక్కువ. కనుక పాలు అంతగా తాగని ఇంట్లో ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ ఆకు పాలకూర కంటే ఎక్కువ పనికొస్తాయి, పేరు మాత్రం పాలకూరకే దక్కింది.

బీట్‌రూట్ ఆకు సంగతి సరిగ్గా దీనికి ఎదురు. బీట్‌రూట్, పాలకూర, తోటకూర ఒకే కుటుంబంలోనివి. రంగులో, మెత్తదనంలో, మట్టి రుచిలో పోలిక తెలుస్తూనే ఉంటుంది. వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. నీళ్లలో ఉడికించి ఆ నీటిని వంపేస్తే కరిగే ఆక్సలేట్ 30 నుంచి 87 శాతం వరకు తగ్గుతుందని, కూరగాయను బట్టి ఆ మేర మారుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ నీటితో పాటు విటమిన్ సి కూడా కొంత పోతుంది, అది తప్పని బేరం. పెరుగు కలిపితే పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది కాబట్టి ఉడికించి పిండిన బీట్‌రూట్ ఆకుతో పెరుగు పచ్చడి చేయడం రుచికే కాక ఆ విధంగానూ సరైన పద్ధతి.

క్యారెట్ ఆకు విషమనే ప్రచారం అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది నిజం కాదు. క్యారెట్ కొత్తిమీర, జీలకర్ర, సోంపు, వాము ఉన్న కుటుంబంలోనిది, అందుకే దాని ఆకుకు సువాసనా కాస్త వగరూ ఉంటాయి. ఆ కుటుంబపు ఆకులను మనం కూరగా వండము, పైన చల్లుతాము. క్యారెట్ ఆకును కూడా అలాగే వాడాలి. సన్నగా తరిగి గారెల పిండిలోనో పకోడీలోనో కలపవచ్చు, లేదా కొత్తిమీరతో సగం సగం కలిపి నువ్వుల పచ్చడిలో నూరవచ్చు. పప్పులో వేసి ఆకుకూరలా తినాలని చూస్తే నిరాశే మిగులుతుంది. కొత్తిమీర కాడలు కూడా ఆకులంత వాసన ఉన్నవే కాబట్టి వాటిని చారులో మరిగించవచ్చు, పచ్చడిలో నూరవచ్చు. కూరలో కరివేపాకులా తీసి పారేయవలసిన పని లేదు.

చిలగడదుంప ఆకు తూటికూరకు దగ్గరి చుట్టం. ఒడియా ఇళ్లలో కలమ శాగను వేయించినట్టే వెల్లుల్లి, ఎండుమిర్చితో వేయిస్తే చక్కగా ఉంటుంది. అయితే కుటుంబ బంధుత్వం వంట పద్ధతిని చెబుతుంది గానీ తినదగినదని హామీ ఇవ్వదు. చెరువు గట్ల మీద పెరిగే లొట్టపీసు కూడా ఇదే కుటుంబం, దాన్ని మేసిన మేకలు జబ్బు పడతాయి. వంగ, టమాటా, బంగాళాదుంప ఉన్న కుటుంబంలో కామంచి ఆకును తినేవారున్నారు, బంగాళాదుంప ఆకులో మాత్రం సొలనిన్ వంటి విషపదార్థాలు ఉంటాయి. బంగాళాదుంప ఆకును, పచ్చబడిన దుంప భాగాన్ని, మొలకలను పారేయడం వృథా కిందికి రాదు. టమాటా ఆకునూ వంటకు దూరంగా ఉంచడమే మంచిది. ఏ ఆకైనా ఎక్కడో ఒక చోట జనం తరతరాలుగా తింటున్నదే వంటింట్లోకి రావాలి, కొత్తగా పరీక్షించే పని మనం పెట్టుకోకూడదు.

చేమ ఆకు తినదగినదే కానీ నియమం తప్పితే గొంతు పట్టేస్తుంది. అందులో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉండి నోటి పొరను గుచ్చుతుంది. అందుకే పెద్దలు దాన్ని చింతపండు పులుసు లేకుండా వండనివ్వరు, సరిగా ఉడకనిదే దించనివ్వరు. మన వైపు శనగపిండి పూసి చుట్టి, ఆవిరిపై ఉడికించి, ఆపైన ముక్కలు కోసి వేయించడం వెనుక కూడా ఈ జాగ్రత్తే ఉంది.

కుటుంబం తెలిశాక ఆకు వయసు చూడాలి. ఆకుల గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ముదురు ఆకును లేత ఆకులా వండడం వల్ల పుట్టినవే. ముల్లంగి ఆకు ముట్టుకుంటే గరుకుగా, సన్నని నూగుతో ఉంటుంది. ఉడికితే ఆ నూగు తెలియదు, పచ్చిగా తరిగి సలాడ్‌లో వేస్తే మాత్రం గుచ్చుతుంది. పర్లాకిమిడి, పాతపట్నం వైపు ఇళ్లలో చేసే పద్ధతి సులువు: ఆకును సన్నగా తరిగి, నానిన పెసరపప్పుతో కలిపి, నీళ్లు చిలకరించి మూత లేకుండా మగ్గించి, చివర వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెడతారు. ఒడియావారి పద్ధతిలో వేయించిన మినప బడిని, అంటే ఎండిన మినప వడియాన్ని, చిదిమి పైన చల్లి, జీలకర్ర, ఆవాలు, మెంతులు, నల్లజీలకర్ర, సోంపు కలిసిన పంచ ఫుటణతో తాలింపు వేస్తారు; మన వడియాలతోనూ ఆ పని జరుగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది గానీ తాలింపు గిన్నెకు ఆ గీత వర్తించలేదు. రెండు పద్ధతుల్లో నాకు బడి వేసినదే ముల్లంగి ఆకుకు నప్పినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఆకు ఘాటును బడిలోని కమ్మదనం అణుస్తుంది.

కాలీఫ్లవర్ ఆకులో రెండు వేర్వేరు కూరగాయలు ఉన్నాయనుకోవాలి. పువ్వును ఆనుకుని ఉన్న లేత ఆకులు తరిగి వేయించడానికి పనికొస్తాయి. బయటి ఆకుల మధ్య ఈనె లావుగా, నీరుగా ఉంటుంది. దాని పీచు లాగేసి అంగుళం ముక్కలు కోస్తే తోటకూర కాడలకు బదులుగా పులుసులో సరిపోతుంది. చింతపండు రసం, కొద్దిగా బెల్లం, చిక్కదనానికి బియ్యప్పిండి కలిపిన ఉత్తరాంధ్ర పులుసు దీనికి బాగా కుదురుతుంది. ఈ కాడలతో ఆవ పెట్టిన కూర కూడా చేయవచ్చు. అయితే నూరిన ఆవముద్దను పొయ్యి మీద నుంచి దించాకనే కలపాలి, ఎందుకంటే ఆవ ఘాటును పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. క్యాబేజీ బయటి ముదురాకుపచ్చ ఆకుల్లో లోపలి తెల్లటి ఆకుల కంటే కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం) ఎక్కువ. చిరిగిపోయినవి తీసేసి మిగిలినవి సన్నగా తరిగి పప్పులో వేయవచ్చు. నూల్‌కోల్ ఆకు ముదురు, ఈనె తీసేస్తేనే తినడానికి వీలు. గుమ్మడి తీగ కొన నుంచి రెండు మూడు ఆకుల వరకే లేతగా ఉంటుంది, కాడ మీది పీచును గోటితో ఒలిచి వండాలి.

ఏ ఆకైనా కాస్త నూనె తగలనిదే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. ఇనుము బాగా పట్టాలంటే నిమ్మరసం లాంటి పులుపు తోడు కావాలి, తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. మునగాకులో నారింజకు ఇన్ని రెట్లు విటమిన్, పాలకు ఇన్ని రెట్లు కాల్షియం అని ఫోన్లలో తిరిగే పోలికల్లో చాలావరకు ఎండబెట్టిన పొడిని పచ్చి పండుతో, పాలతో బరువుకు బరువు సరిచూసినవి. నీరు తీసేసిన ఏ పదార్థమైనా అలా చూస్తే గొప్పగానే కనిపిస్తుంది. పైగా ఆ పొడిని మనం వంద గ్రాములు తినము, చెంచాడు తింటాము.

చాలా వ్యాసాలు వదిలేసే విషయం పురుగుమందులది. దుంపకూరల్లో పురుగుమందు అవశేషాలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ పరిమితులు ఆకును తీసేసిన తరువాతి దుంపకు వర్తిస్తాయి. దుంప కోసం పండించే రైతు ఆకు తింటారన్న ఆలోచనతో మందు కొట్టడు. కాలీఫ్లవర్, క్యాబేజీలకు ఆకులు తినే డైమండ్ రెక్కల పురుగు బెడద ఎక్కువ కాబట్టి మందులూ ఎక్కువగానే పడతాయి, అవి ముందు తగిలేది బయటి ఆకులకే. ఉప్పు, పసుపు వేసిన నీటిలో ముంచితే పురుగులు, మట్టి వదులుతాయి. పారే నీటిలో కడిగితే పైన అంటిన మందు కొంత పోతుంది. మొక్కలోకి ఇంకిన మందు ఏ కడుగుడుకూ పోదు. అందువల్ల ఎక్కడ పండిందో తెలియని కాలీఫ్లవర్ బయటి వరుస ఆకులను వదిలేయడంలో తప్పు లేదు. పట్టణపు మురుగు కాలువల నీటితో పెంచిన ఆకుల్లో భార లోహాలు చేరే ప్రమాదం ఉంది, ఆకులు వాటిని దుంపల కంటే, కాయల కంటే ఎక్కువగా కూడబెట్టుకుంటాయి. సంతలో తమ మడిలోనిదే తెచ్చి అమ్మే మనిషిని మందు ఎప్పుడు కొట్టారని అడగడం ఇక్కడ ఇంకా సాధ్యమే. ఆ మాట నగరంలో అడగడానికి ఎదుట ఎవరూ ఉండరు.

ఇంటికి తెచ్చాక ఆకును దుంపతో కలిపి ఉంచకూడదు. ఆకు నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, ఆ నీటిని అది దుంప నుంచి లాగుతుంది. ఆకుతో ఉంచిన ముల్లంగి రెండు మూడు రోజుల్లో బెండుబారడానికి కారణం అదే. అంగుళం కాడ ఉంచి ఆకును కోసి, కడగకుండా పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు కడగాలి. తడి ఆకును గాలి చొరని కవరులో బిగిస్తే జిగురు పట్టి కుళ్లుతుంది. వాడిన ఆకును చల్లని నీటిలో అరగంట ఉంచితే బిగువు తిరిగి వస్తుంది, పోయిన విటమిన్ సి మాత్రం తిరిగి రాదు. పసుపు రంగుకు తిరిగిన ఆకు, జిగురుగా తగిలే ఆకు వంటకు పనికిరావు. వండడానికి తీరిక లేకపోతే నీడలో ఎండబెట్టి పొడి చేసి వెల్లుల్లి కారంలో కలపవచ్చు. నేరుగా ఎండలో పెడితే కెరోటిన్ ఎక్కువగా నశిస్తుంది.

కొందరు జాగ్రత్తపడాలి. మూత్రపిండాల్లో కాల్షియం ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు బీట్‌రూట్ ఆకు, పాలకూర తగ్గించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఆకుల్లోని పొటాషియం సమస్య కావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు పూర్తిగా మానేయనవసరం లేదు గానీ, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది కాబట్టి రోజూ తినే మోతాదును వైద్యుడికి చెప్పకుండా హఠాత్తుగా పెంచకూడదు, తగ్గించకూడదు. థైరాయిడ్ ఉన్నవారు ఆవ కుటుంబపు ఆకులను చూసి భయపడుతుంటారు. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో ఉడికించిన ఆకును మామూలు మోతాదులో తింటే ఇబ్బంది ఉండదు.

వండిన ఆకుకూర మిగిలితే దానికీ ఒక పద్ధతి ఉంది. ఆకుల్లో సహజంగా ఉండే నైట్రేట్‌ను, బయట వదిలేసిన కూరలో పెరిగే సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి. పెద్దవారికి ఆ కొద్దిపాటి మోతాదు వల్ల సాధారణంగా హాని లేకపోయినా పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని అది తగ్గించగలదు, కనుక వారికి అప్పటికప్పుడు వండినదే పెట్టాలి. మిగతావారికైతే కూరను వండిన రెండు గంటల్లోపు, మండు వేసవిలో గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, మరునాడు తినబోయేంత మేరకే తీసి ఒక్కసారి బాగా వేడి చేయాలి. అలా మిగిలిన ముల్లంగి ఆకు పెసరపప్పు కూరను గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేస్తే నీళ్లు విడిగా పోయవలసిన పని ఉండదు, ఆకు వాసన నచ్చని పిల్లలు కూడా తినేస్తారు.